ఇప్పనూనె వేసిన గిరక

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక్క పేజీకి రెండు పూటలు పడుతుంది. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఇది నా పెనిమిటి హనుమండ్లు సంగతి. ఆయన బతికినన్నాళ్లు ఆ పేరు నా నోటితో పలకలేదు. రాస్తే తప్పు లేదని మాకు చదువు చెప్పిన పంతులమ్మ అన్నది. నేను చూడనివి ఆయన చెప్పగా విన్నాను.

హనుమండ్లు పొయ్యి ముందు కూర్చొని, గిరకను చెవికి ఆనించుకొని మెల్లగా మూడు చుట్లు తిప్పాడు. అది టిక్కుటిక్కుమని పలికింది. అంతసేపూ పొయ్యిగట్టు మీద ఉండడంతో వెచ్చగా ఉంది. తలాడించి, పాత పంచె ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అప్పుడే తెల్లవారుతోంది. బయట మంచు దట్టంగా పడుతోంది. ఎనభై ఆరో సంవత్సరం, పుష్యమాసం.

ఆయన పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, కాళ్లు సన్నం. వాగు గాలికి ముఖం నల్లబడి, కళ్ల పక్కన గీతలు పడ్డాయి. ఎడమచేతి బొటనవేలి గోరు ఒక్కటి పొడుగ్గా పెంచేవాడు, గిరక పండ్ల సందుల్లో ఇసుక గీకడానికి. ఒంటి మీద అంతకు మించి షోకు లేదు.

గిరక అంటే బావి గిరక కాదు. చేపలు పట్టేది. నిజాం కాలంలో ఎవరో ఇంజనీరు తిరిగి తన దేశం పోతూ మా ఊరి కిషన్‌రావు దొరకు ఇచ్చిపోయాడట. అరచేతిలో పట్టే నల్లటి డబ్బీ, దానికి కొమ్ముతో చేసిన పిడి. లోపల దారం చుట్టుకునే చక్రం. చక్రం వెనుక చిన్న పండ్లు, వాటిని తాకుతూ గోరంత ఇనుప నాలుక, నాలుకను నెట్టి పట్టే వంకర తీగ. చక్రం తిరిగినప్పుడు నాలుక ఒక్కో పన్ను దాటి దుముకుతుంది. ఆ దుముకే సప్పుడు. చేప మెల్లగా లాగితే విడివిడిగా పలుకుతుంది. పరుగు తీస్తే సప్పుడు అంతా ఒకటై కిర్రుమంటుంది. దారం తెగేలా పరుగు తీయకుండా చక్రాన్ని పట్టి ఉంచేది కూడా ఆ నాలుకే.

మాది గంగపుత్రుల ఇల్లు. కడెం వాగులో వల వేసి బతికేవాళ్లం. తెలంగాణ గొడవల్లో బళ్లు బందైన అరవైతొమ్మిదిలో దొర తోడుకు మనిషి కావాలంటే హనుమండ్లు పోయాడు. ఎర లేకుండా, గాలానికి ఈకలు కట్టి నీళ్ల మీద ఆడించి, పట్టిన చేపను మళ్లీ వాగులోనే వదిలేసే మనిషిని ఆయన అంతకు ముందు చూడలేదు. మా తమ్ముడు కైలాసం ఊరంతా వినేలా నవ్వేవాడు.

"మా బావ చేపలకు ఈకలు చూపిచ్చి పిలుస్తడట. జర మా వల దిక్కు గూడ పిలువు బావా."

హనుమండ్లు కోపగించుకునేవాడు కాదు. ఒక్కసారి మాత్రం జవాబిచ్చాడు.

"నీళ్లల్ల ఏమైతుందో వల చెప్పదురా. పైకి గుంజినంక చూసుడే. గిది ఆడికెల్లే చెప్తది."

గాలం వేసి వచ్చిన ప్రతిసారీ గిరకను మా ఇంటికే తెచ్చి, పైసా బిళ్లతో మర విప్పి చక్రాన్ని బయటికి తీసేవాడు. గాసునూనెలో, అదే కిరసనాయిల్లో, కడిగి నీడన ఆరబెట్టేవాడు. దారాన్ని ఆసుకు చుట్టి తడి పోయేదాకా ఉంచేవాడు. కోడి ఈక కొసతో ఇరుసుకు ఒక చుక్క, నాలుకకు రెండు చుక్కల నూనె. అంతకు మించి వేస్తే గొంతు పూడిపోతుందనేవాడు. నేను అన్నం పెట్టి పిలిచినా ఆ పని మధ్యలో లేచేవాడు కాదు. పిల్లలకు జ్వరం వస్తే నుదుటి మీద చేయి ఎలా పెట్టేవాడో ఆ గిరక మీదా అలాగే పెట్టేవాడు.

నాలుగేళ్లుగా దొరకు చూపు తగ్గుతూ వచ్చి, ఆ ఏడాదికి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా అయింది. అయినా గాలం మానలేదు. హనుమండ్లు నడుము పట్టుకొని రాయి మీద నిలబెడితే, గిరక సప్పుడు వింటూ చేప ఎటు పోతుందో, ఎంత బరువుందో చెప్పేవాడు. ఆ సప్పుడే ఆయనకు కళ్లయింది.

ఆ పుష్యమాసపు రోజు వాళ్లిద్దరి గాలానికి చివరి రోజు. దొర కూతురు సరళాదేవి మధ్యాహ్నం కరీంనగర్ నుంచి కారులో వచ్చి తండ్రిని తన ఇంటికి తీసుకుపోతుంది. ఇక ఊరికి రారు. గిరక వెంట తీసుకుపోతానని దొర నెల ముందే చెప్పాడు, పట్నంలో వాగు లేకపోయినా సప్పుడైతే ఉంటుంది కదా అని. ఆ మాట విన్నప్పటి నుంచి హనుమండ్లు ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదు. దాన్ని తనకిమ్మని అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. అడిగే వస్తువు కాదది.

నూనె సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ గిరకకు వేసింది దొర తుపాకీ నూనె. ఆ మధ్య తుపాకులన్నీ ఠాణాలో పెట్టమన్నారు. తుపాకీ పోయాక దాని నూనె కూడా రాలేదు. సీసాలో మిగిలినదాన్ని ఆయన రెండేళ్లు సాగదీశాడు. ముందు రోజు మధ్యాహ్నం ఈక ముంచితే సీసా అడుగు పొడిగా ఉంది. ఇప్పగింజలు గానుగ పట్టించి, గారెలకని తెచ్చిన నూనెను నేను వాకిట్లో ఎండలో పెట్టి వడగడుతున్నాను. నీళ్లలా పల్చగా, తేటగా ఉంది. దీన్ని వేసి చూడమని నేనే అన్నాను. వేశాడు. గిరక ఎన్నడూ లేనంత మెత్తగా తిరిగింది. ఇద్దరం మురిసిపోయాం.

ఆ పొద్దున వాగు మీద అవతలి గట్టు కనబడలేదు. రాళ్ల మడుగు దగ్గర హనుమండ్లు దొరను నిలబెట్టి, గాలంకట్టెకు గిరక బిగించి చేతికిచ్చాడు. దొర దారం లాగుతూ విసిరాడు. గిరక బాగానే పలికింది. కొంతసేపటికి దొర తల వంచి విన్నాడు.

"ఏందిరా, సప్పుడు దూరం పోతున్నది?"

వాగు హోరు ఎక్కువగా ఉందని హనుమండ్లు అన్నాడు. తనకు కూడా సప్పుడు సన్నగా వినబడుతోంది. మంచు వల్లనేమో అనుకున్నాడు. అర్ధగంట గడిచింది. చేతివేళ్లు కొంకర్లు పోయేంత చలి.

అప్పుడు చేప పట్టింది. మామూలు చేప కాదు, రాళ్ల మడుగుల్లో ఉండే పెద్ద పొలుసులది. కట్టె కొస నీళ్లలోకి వంగింది. దారం పరుగు తీసింది. గిరక మాత్రం నోరు మెదపలేదు. పట్టి ఉంచే నాలుక లేక చక్రం విచ్చలవిడిగా తిరిగి, దారం ఉండలా చుట్టుకొని బిగిసింది. ఒక్క గుంజు. దారం టప్పున తెగింది. దొర వెనక్కి తూలితే హనుమండ్లు పట్టుకున్నాడు.

"పట్టిందా?" అన్నాడు దొర.

"పట్టింది దొరా. పోయింది."

"గిర్క పలికిందారా?"

హనుమండ్లు వేలు అప్పటికే గిరక మీద ఉంది. పొడుగు గోటికి తెల్లగా, మెత్తగా వెన్నలాంటిది తగిలింది. చలికి ఇప్పనూనె పేరుకుంటుందని మా ఆదిలాబాద్ జిల్లాలో పసిపిల్లకైనా తెలుసు. ఈ కాలంలో సీసాను ఎండకు పెట్టనిదే తలకు రాసుకోలేము. పొయ్యి మీది వేడి ఉన్నంతసేపే గిరక పలికింది. నాలుక ఇప్పుడు నూనెలో కూరుకుపోయి ఉంది. పదిహేడేళ్లలో ఒక్కనాడు కూడా ఆయన చేతిలో గిరక మూగపోలేదు. ఆఖరి రోజున మూగపోయిందన్న మాట ఆయన నోట రాలేదు.

"పలికింది దొరా."

కిషన్‌రావు దొర రాయి మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నాకు ఇనవడలే. కండ్లు పోయినయ్, గిప్పుడు చెవులు గూడ పోతున్నయన్నట్టు. మనుషుల మాట లావుగుంటది గనుక తెలుస్తలేదు. సన్న సప్పుళ్లే ముందు పోతయేమో." గాలంకట్టెను తడిమి ముందుకు నెట్టాడు. "గిర్క నువ్వే ఉంచుకో హన్మండ్లు. చెవిటోడు దాన్ని ఏం చేసుకుంటడు."

హనుమండ్లు దొరను ఇంటి దగ్గర దించి మా వాకిట్లోకి వచ్చేసరికి పొద్దెక్కింది. గిరకను రోటి మీద పెట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. నేను నూనె సీసా వైపు చూశాను. తెల్లగా గడ్డకట్టి ఉంది. ఎండ రోటి మీదికి వచ్చింది. కొంతసేపటికి ఆయన చిక్కుపడిన దారం విప్పబోతే గిరక దానంతట అదే టిక్కుమన్నది. మళ్లీ తిప్పాడు. పలికింది. ఎక్కడా తప్పు లేనట్టే పలికింది.

ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. నెల రోజులుగా దాని మీద ఆయన చూపు ఎలా ఉందో నాకు తెలుసు. అందుకే అన్నాను.

"ఊకో. నువ్వేం దొంగతనం జెయ్యలే. ఆయన చేతితోనే ఇచ్చిండు."

"మరి ఆయన చెవులు?"

"కరీంనగర్ల డాక్టర్లు లేరా. వాళ్లే చెప్తరు తియ్యి."

ఆయన గిరకను మళ్లీ రోటి మీద పెట్టాడు. మర విప్పి, చక్రం తీసి, గాసునూనెలో రెండుసార్లు కడిగాడు. గోటితో పన్ను పన్ను సందూ గీకాడు. లేచి వీధి చివర దర్జీ దగ్గరికి పోయి ఈక కొసకు నాలుగు చుక్కల మిషన్ నూనె అడిగి తెచ్చుకున్నాడు. అంత దగ్గర ఉన్న నూనె ముందు రోజు ఇద్దరికీ గుర్తుకు రాలేదు. గిరక బిగించి, తుడిచి, గాలంకట్టె భుజాన వేసుకొని బయలుదేరాడు. నేను వెనకాలే పోయాను.

కారు దొర ఇంటి ముందు నిలబడి ఉంది. దొర అప్పటికే వెనుక సీట్లో కూర్చున్నాడు. సరళాదేవి సామాన్లు సర్దిస్తూ ప్రతి మాటా తండ్రి చెవి దగ్గర గట్టిగా అరుస్తోంది.

"బాపూ, శాలువ కప్పుకుంటవా?"

దొర ఆ అరుపుకు కళ్లు మూసుకొని, తలూపి కప్పుకున్నాడు. చెవుల సంగతి ఆమెకు చెప్పేశాడన్నమాట. డ్రైవరు కూడా అరిచే మాట్లాడుతున్నాడు. ఊరివాళ్లు వంతులవారీగా వచ్చి పోయొస్తావా దొరా అని కేకలు పెడుతున్నారు. వాళ్ల మధ్యలో ఆయన రోజు తిరగకుండానే పదేళ్లు ముసలివాడైనట్టు కనబడ్డాడు.

హనుమండ్లు అటువైపు పోయి, గిరకను కిటికీలోంచి దొర చెవి దగ్గర పెట్టి దారం మూర లాగాడు.

దొర శాలువను చెవి మీది నుంచి పక్కకు జరిపాడు. 

"మల్లోసారి."

హనుమండ్లు ఈసారి మెల్లగా లాగాడు, ఒక్కో పన్ను విడివిడిగా.

"పొద్దుగాల గిర్క పలకలే దొరా. నేను అబద్ధమాడిన. ఇప్పనూనె పోసిన, చలికి పేరుకున్నది. చేప గూడ నా వల్లనే పోయింది. మీ చెవులకేం కాలే."

నూనె ఇచ్చింది నేనని చెప్పబోయాను. ఆయన చేయి వెనక్కి పెట్టి ఆపాడు.

దొర గిరకను ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూశాడు.  

"పదిహేడేండ్లు చూసి చూసి, ఆఖరికి గారెల నూనె పోసినవారా నా గిర్కకు."

హనుమండ్లు తల వంచుకొని నిలబడ్డాడు. దొర చేయి చాచాడు. "ఇటియ్యి" అన్నాడు. హనుమండ్లు కట్టె నుంచి గిరక విప్పి, రెండు చేతులతో పట్టి ఆ అరచేతిలో పెట్టాడు. దొర వేళ్లు దాని చుట్టూ ముడుచుకున్నాయి. పొద్దున ఇచ్చిన మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు.

సరళాదేవి ఇటు వచ్చి, ఇక బయలుదేరుదామా అని తండ్రి చెవిలో అరిచింది.

"ఒర్రకు బిడ్డా," అన్నాడు దొర. "నాకు ఇనవడ్తున్నది."

గాలంకట్టె కారులో పట్టలేదు. అక్కడే ఉండనీయమన్నారు. కారు పోయాక హనుమండ్లు దాన్ని భుజాన వేసుకొని ఇంటికి వచ్చాడు. నేను పెట్టిన అన్నం మొత్తం తిన్నాడు. నెల రోజుల తర్వాత ఆ రోజే కడుపునిండా తిన్నాడు.

కిషన్‌రావు దొర కరీంనగర్‌లో రెండేళ్లు బతికాడు. ఆషాఢంలో పోయినట్టు డ్రైవరు ఒకసారి ఇటు వచ్చినప్పుడు చెప్పాడు. గిరక ఏమైందో హనుమండ్లు అడగలేదు. కైలాసంతో కలిసి మళ్లీ వల వేశాడు. తొంభై ఒకటి చలికాలంలో ఒక పొద్దున ఎండ కోసం గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేను నీళ్లు తెచ్చి బిందె దించి పిలిచాను. పలకలేదు. ఎడమచేతి గోరు అలాగే పొడుగ్గా ఉంది.

గాలంకట్టె ఇప్పుడు మా బిడ్డ ఇంటి వెనుక బట్టల దండేనికి ఆసరాగా ఉంది. తడిబట్ట ఆరేసేటప్పుడు చేతికి తగులుతాయి, గిరక బిగించే రెండు ఇత్తడి కట్లు, వాటి మధ్య నాలుగు వేళ్లంత ఖాళీ.

శంకరవ్వ, యాభై ఎనిమిదేళ్లు, ఖానాపూర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నాను.