నాన్న పుట్టినరోజున నేనిచ్చిన జవాబు

నాన్నకు మూత్రాశయంలో కేన్సర్ అని తెలిసిన రోజు డాక్టరుతో మాట్లాడింది నాన్న కాదు, నేను. బడిలో పిల్లలకు భాష చెప్పేదాన్ని కాబట్టి, లోకంలో ప్రతి వాక్యానికీ నా సాయం కావాలని నమ్ముతాను. డాక్టరు గడ్డలాంటిది అంటే, గడ్డా, గడ్డలాంటిదా అని అడిగాను. మూత్రంలో రక్తం ఎప్పటినుంచి పడుతోందని ఆయన నాన్నను అడిగితే, నాన్న దాన్ని బీట్‌రూట్ రంగు అనుకున్నాడని నేనే చెప్పాను. జీవితమంతా ఇళ్లకు రంగులు వేసిన నాన్న, టోపీ ఒళ్లో పెట్టుకుని, తెరమీది తన లోపలి భాగాన్ని ఎవరిదో గోడను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

గ్రోనింగెన్ ఆసుపత్రి నుంచి కాలువ పక్క రోడ్డు మీద తిరిగి వస్తుంటే అన్నాడు.

"గురువారం ఆపరేషన్‌కి నేనొక్కణ్ణే వెళ్తా. నువ్వు రావద్దు."

"ఎందుకు నాన్నా?"

"నువ్వొస్తే నాకు నోరుండదు."

ఇంకో షరతు కూడా పెట్టాడు. ఆదివారం తన పుట్టినరోజు. ఆ రోజు తనను ఎవరూ రోగిలా చూడకూడదు, అందుకని ఎవరికీ చెప్పకూడదు. మాట ఇచ్చాను. గురువారం నన్ను రానివ్వాలంటే, నేను నోరు మూసుకోగలనని చూపించడం ఒక్కటే దారి.

అయినా ఎవరైనా పసిగట్టి పరామర్శిస్తే ఏమనాలో ముందే తయారుచేసుకున్నాను. క్లుప్తంగా, హుందాగా కుదిరింది. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను కూడా.

ఆదివారం కుర్చీలు గుండ్రంగా వేశాం. కాఫీ, మనిషికో కేకు ముక్క. మా వైపు పుట్టినరోజు మనిషికి మాత్రమే అభినందనలు చెప్పి ఊరుకోరు. అతని పిల్లలకూ, తోబుట్టువులకూ, వరసలో కూర్చున్న అందరికీ చేయి కలిపి చెబుతారు. నాన్న టాయిలెట్‌లో ఉన్నాడు. ఈ మధ్య ఎక్కువగా అక్కడే ఉంటున్నాడు. నా ధ్యాసంతా ఆ తలుపు మీదే. అప్పుడొచ్చాడు రూల్ఫ్, నాన్నతో కలిసి ఏళ్లతరబడి నిచ్చెనలు మోసిన స్నేహితుడు. నా చేయి పట్టుకుని ఊపాడు.

"మీ నాన్న పుట్టినరోజు అభినందనలు, అలీదా."

"థాంక్స్," అన్నాను. "తొందరగానే బయటపడింది. డాక్టర్లు ధైర్యమే చెప్పారు."

అద్దం ముందు చెప్పుకున్నట్టే, ఉచ్చారణలో ఒక్క తప్పు లేదు.

రూల్ఫ్ నా చేయి వదల్లేదు. మిగతావాళ్లు కాఫీ తాగడం ఆపేశారు. కేకు గురించి అన్నానని సర్దబోయాను. కేకుకు డాక్టర్లెందుకని త్రైన్ అత్త, నాన్న అక్క, అడిగింది.

తలుపు తెరుచుకుంది. నాన్న అందరినీ చూసి, చివరికి నన్ను చూశాడు. గురువారం పోయిందనుకున్నాను. ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చుని, కేకు పళ్లెం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మూత్రాశయంలో," అన్నాడు. "కేన్సర్."

నా నాలుక చివర ఒక వాక్యం సిద్ధంగా ఉంది. మింగేశాను.

"రక్తం పడిందా?" అన్నాడు రూల్ఫ్.

"పడింది. బీట్‌రూట్ అనుకున్నా."

"నువ్వు బీట్‌రూట్ ముట్టవు కదరా."

"ముట్టను. భయమేసి అలా అన్నా."

ఆ మాట నాతో అనలేదు. అనడానికి నేను సందివ్వలేదు.

అత్త ముక్కు తుడుచుకుని తన కిడ్నీ రాళ్ల గురించి చెప్పింది. రూల్ఫ్ తన ప్రోస్టేట్ గురించి చెప్పాడు. ఎప్పుడూ వానల కబుర్ల దగ్గరే ఆగిపోయే ఆ గుండ్రటి వరసలో ఆ రోజు ప్రతి ఒక్కరూ ఏదో ఒక అవయవాన్ని బయటపెట్టారు. ఆపరేషన్ తర్వాత పెట్టే మూత్రం గొట్టం తీసేటప్పుడు నొప్పి పుడుతుందా అని నాన్న రూల్ఫ్‌ను అడిగాడు. నేను డాక్టరును వ్యాధి దశల పేర్లన్నీ అడిగాను. ఇది మాత్రం అడగలేదు.

అందరూ వెళ్లాక నేను కప్పులు కడుగుతుంటే నాన్న తుడుస్తున్నాడు. మాట తప్పినందుకు చెప్పాల్సిన క్షమాపణకు నేను మనసులో మెరుగులు దిద్దుతున్నాను.

"గురువారం రూల్ఫ్ కారు తెస్తాడు," అన్నాడు నాన్న. "వెనక సీటు ఖాళీయే."

"రానా?"

"నోట్లో పిప్పరమెంటు బిళ్ల పెట్టుకుని రా. అది కరిగేదాకా డాక్టరుతో నేను మాట్లాడతా."

పెద్ద బిళ్లే తెచ్చుకుంటానన్నాను.