కుడివైపు పేజీ

తోటలో కాయలు కోసే పరదేశి మామిడిచెట్టు మీంచి కాలుజారి పడి చనిపోయాడని పేపర్లో నాలుగు లైన్లు వేశారు. రెడ్డిగూడెం తోటలో నేను చూసింది వేరు. కూలీల సంఘం పెట్టాడని షావుకారు ప్రభాకరరావు మనుషులు అతన్ని కర్రలతో కొట్టి చంపారు. ఆ పూట అతను చెట్టెక్కనే లేదు.

మామిడికాయల షెడ్డులో పనిచేసే మాకో నోట్‌బుక్ ఉండేది. ఎడమవైపు పేజీలో పేపరు ముక్క అంటించి, కుడివైపు జరిగింది రాసేవాళ్ళం. కాయల లారీలో అది ముసునూరు వెళ్ళేది, హనుమాన్ జంక్షన్ హమాలీల దగ్గరికి వెళ్ళేది, నూజివీడు కాలేజీ పిల్లల చేతుల్లో తిరిగి మా షెడ్డుకొచ్చేది. ప్రతిచోటా ఒకరు పైకి చదవాలి, విన్నవాళ్ళు అవుననో కాదనో అనాలి. ఈ పద్ధతి పెట్టింది మాతో కాయలు సర్దే లేయా.

"పేపరోళ్ళు మన ఊరొచ్చి చూశారా ఏంటి? చూసినవాళ్ళం మనమే రాసుకుందాం," అనేది.

పరదేశి పేజీ రాసింది నేనే. కింద నా పేరు పెట్టలేదు.

ఆ నోట్‌బుక్ ఎస్సై చేతికి చిక్కింది. మధ్యాహ్నం జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది. నన్ను తీసుకెళ్తే దానికి పాలెవరిస్తారన్న ఒక్క భయమే బుర్రలో తిరిగింది.

ఎస్సై ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "రాయడం వచ్చినవాళ్ళు ఇందులో ఉన్నది చూసి కింద రాయండి. రానోళ్ళు వేలిముద్ర వెయ్యండి."

రాస్తే నా చేతిరాత దొరికిపోతుంది. ముద్ర వేస్తే అబద్ధానికి నేనూ సాక్షినవుతాను. మామిడి సొనకు కాలిన బొటనవేలిని కొంగులో దాచుకున్నాను.

ముందు పరదేశి అక్క అచ్చమ్మను పిలిచారు. ఆమె బల్ల దాకా వెళ్ళి ఆగింది.

"చదవండి బాబూ."

"నీకెందుకే? వెయ్యి."

"పైకి చదవందే మేం దేనికీ ఒప్పుకోమండి. మా పద్ధతి."

ఎస్సై విసుగ్గా చదివాడు. "పరదేశి చెట్టు మీంచి జారి పడగా మేము కళ్ళారా చూశాము."

"కాదండి," అంది అచ్చమ్మ.

ఎస్సై ఆమెను గంపల మీదికి నెట్టాడు. నా వెనక ఎవరో మెల్లగా "కాదండి" అన్నారు. తర్వాత ఇంకొకరు. ఎవరూ అరవలేదు. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని, ఏడుస్తూనే, షెడ్డులో అందరూ ఆ మాటే అన్నారు.

"రాసిందెవరో చెప్పకపోతే ఈ ముసలిదాన్ని తీసుకుపోతా," అన్నాడు ఎస్సై.

భయం పోలేదు కానీ లేచాను. ఆ కాగితం మీదే, అతని వాక్యం కింద, జరిగింది రాశాను. ఈసారి విజయరాణి అని నా పేరు పెట్టాను.

నన్ను జీపెక్కించారు.

"పిల్లని నేను చూసుకుంటానే," అంది అచ్చమ్మ.

లేయా షెడ్డు వైపు తిరిగింది. "రేపు పేపర్లో దీని గురించి కూడా ఏదో ఒకటి వేస్తారు. కుడివైపు పేజీ ఎవరు రాస్తారు?"

షెడ్డులో చేతులన్నీ లేచాయి. వాటిలో ఇంకా అక్షరం దిద్దని చేతులు కూడా ఉన్నాయి.