ఎవరి కోసమూ ఆగని బేసు

పరంజ్యోతికి శాక్సఫోన్ అంటే ఎంత ప్రేమో మనుషులంటే అంత చిరాకు. శ్రీకాకుళం అరసవల్లి రోడ్డులో లాడ్జీల వెనక సందులో, రెండు గదుల వాటాలో ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు విశాఖపట్నం హోటళ్ళలో జాజ్ వాయించిన మనిషి. ఆ తర్వాత పెళ్ళి బ్యాండులో ఊరేగింపుల ముందు సినిమా పాటలు వాయించాడు, ఆ పెళ్ళివారందరినీ ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. పోయినేడు పక్షవాతం కొద్దిగా తగిలి వదిలేసింది. మూతి సర్దుకుంది, నడక సర్దుకుంది. ఎడమచేతి ఉంగరం వేలు మాత్రం చెప్పగానే కదలదు, కాస్త ఆలోచించుకుని కదులుతుంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఒక్కణ్ణయినా మిగుల్చుకున్నాడా ఏమన్నా?

అలాంటి మనిషికి విశాఖ నుంచి ఫోనొచ్చింది. చేసింది త్రినాథ్, పాత స్నేహితుడు, డ్రమ్స్ వాయిస్తాడు. బీచ్ రోడ్డులో ఓ కొత్త హోటల్ వాళ్ళు శనివారం సాయంత్రాలు జాజ్ పెట్టాలనుకుంటున్నారట. పియానోకి మనిషి దొరికాడు, బేసు గిటారుకి దొరకలేదు. "వాకింగ్ బేస్ వాయించేవోడు ఎవడైనా ఉంటే తీసుకురా. అలాగే నిన్నూ వింటాం," అన్నాడు.

ఆ 'అలాగే'లో ఎంత దయ ఉందో పరంజ్యోతికి అర్థం కాకపోలేదు. బేసు మనిషిని తెస్తేనే తనకు చోటు. పోనీ, అలాగైనా సరే. కన్నుమూసేలోగా ఇంకొక్కసారి ఆ దీపాల కింద, సూటు వేసుకుని నిలబడాలి. ఈ లోకంలో ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

శ్రీకాకుళంలో బేసు గిటార్ పట్టే చేతులు కావాలంటే చర్చిల్లో వెతుక్కోవాలి. అలా దొరికింది రూబీ. బాప్టిస్టు చర్చిలో చిన్నప్పటి నుంచీ బేసు వాయిస్తోంది. మిగతా రోజులు సెల్‌ఫోన్ల కొట్లో నిలబడి స్క్రీన్ల మీద గాజు రేకులు అతికిస్తుంది. తల్లి లీలారాణి ఓ హాస్టల్లో వంటమనిషి, ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. హోటలు, విశాఖ, శనివారాలు అనగానే రూబీ కళ్ళు వెలిగాయి. సాయంత్రం కొట్టు నుంచి నేరుగా గిటార్ భుజాన వేసుకుని ఆయన వాటాకి వచ్చేసేది.

"ఇది నడక," అని మొదలుపెట్టాడు పరంజ్యోతి. "నాలుగు దెబ్బలకి నాలుగడుగులు. ఇప్పుడు వాయించే కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, ఒకిల్లు, రాబోయే కార్డు ఇంకో ఇల్లు. నాలుగో అడుగు ఆ ఇంటి గుమ్మంలో పడాల, అప్పుడు తర్వాతడుగు దానంతటదే లోపల పడతాది. అలా ఇల్లిల్లూ తిరుగుతానే ఉండాల. ఆగీదుండదు. పైన శాక్సఫోన్ ఏడిసినా, నవ్వినా, నీ నడక నీదే."

స్వరాలు ఆ పిల్లకి ఇట్టే పట్టుబడ్డాయి. పట్టుబడనిది ఆగకపోవడం. వరస చివరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తనే నెమ్మదించి, ఎవరి కోసమో నిలబడేది. ఎవరి కోసమో పరంజ్యోతికి తెలుసు. ఆ చర్చిలో లీలారాణి ప్రతి చరణంలోనూ చివరి మాటను గొంతులో ఊరిస్తూ సాగదీస్తుంది. ఆవిడ ముగించి ఊపిరి తీసుకునేదాకా కీబోర్డు, డ్రమ్ము, ముసలివాళ్ళు, పాస్టరుగారు, అందరూ ఆగుతారు. అది తప్పని అక్కడ ఎవరూ అనుకోరు, పాడటమంటేనే అది. అమ్మ ఊపిరి కోసం ఆగుతూ పెరిగిన చెయ్యి మరి ఇప్పుడెలా మారుతుంది?

పరంజ్యోతి మార్చడం మొదలుపెట్టాడు. "పాడె మోసేవోళ్ళు నీకన్నా బేగి నడుస్తారు," అనేవాడు. లీలారాణి గొంతును ముక్కుతో అనుకరించి సాగదీసి చూపించేవాడు. పక్క వాటాల వాళ్ళు వినేలా ఆ పిల్లను వాకిట్లో నిలబెట్టి వాయించమనేవాడు. ఒకరోజు రూబీ తట్టుకోలేక ఏడ్చింది. ఆయన ఫోన్లో తాళం టిక్కుటిక్కుమనిపించి, దాన్ని ఆమె ముందు పెట్టాడు.

"ఏడిస్తే ఏడువు. తాళంలో ఏడువు," అన్నాడు.

ఇంతకంటే నీచుణ్ణి వెతకాలంటే కష్టపడాలి. అయినా ఆ పిల్ల మర్నాడు మళ్ళీ వచ్చింది.

నేర్చుకుంటున్న కొద్దీ చెవి కూడా పదునెక్కింది. ఇద్దరూ కలిసి వాయిస్తుండగా ఒకసారి ఆపి, "మాస్టారూ, ఆ మలుపుకాడ మీరు ఎనకబడతన్నారు," అంది.

పరంజ్యోతి మొహం మాడిపోయింది. "అది నా స్టైలు. జాజ్‌లో కావాలనే ఎనక్కి వాలి వాయిస్తారు. సెల్‌ఫోన్లకి రేకులు అతికించేదానివి, నీకేటి తెలుసు?" అన్నాడు. రూబీ ఆయన ఉంగరం వేలు వైపు ఒకసారి చూసి, మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది.

హోటలుకు వెళ్ళే రోజు దగ్గర పడింది. రూబీ చెయ్యి ఇంకా అక్కడక్కడ ఆగుతూనే ఉంది. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది.

"ఈ ఆదివారం మీయమ్మ కోసం ఆగకు," అన్నాడు.

"అందరి ముందూ అమ్మ ఒంటరైపోద్ది మాస్టారూ."

"అవనీ. నువ్వు ఆగితే సోమారం నా గుమ్మం ఎక్కక్కర్లేదు."

ఆదివారం ఆయన కూడా చర్చికి వెళ్ళాడు. ప్రార్థన చేసి ఎన్నేళ్ళయిందో, చూడటానికి వెళ్ళాడు. వెనక బల్ల మీద కూర్చున్నాడు. లీలారాణి పొందూరు ఖద్దరు చీర కట్టుకుని ముందు నిలబడి పాట ఎత్తింది. మొదటి చరణం చివర ఎప్పటిలాగే మాటను సాగదీసింది. బేసు ఆగలేదు. కీబోర్డు కంగారుపడి బేసు వెనకే పోయింది, డ్రమ్ము దాని వెనక పోయింది, జనం వాటి వెనక పోయారు. లీలారాణి చివరి మాట ఒక్కటీ ఎవరూ లేని చోట మిగిలిపోయింది. కుర్రవాళ్ళ బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ పరుగున అందుకోబోయి రెండో చరణంలోనూ వెనకబడింది. మూడోదానికి నోరు మూసుకుని కూతురి వైపు చూసింది. రూబీ తన వేళ్ళ వైపే చూసుకుంటోంది, నడక మాత్రం గడియారంలా ఉంది. పరంజ్యోతి ఒళ్ళు పులకరించింది. ఒక ఆడమనిషి పరువు పోతుంటే ఆయనకు కనిపించింది నాలుగో అడుగొక్కటే.

ఆరాధన అయ్యాక లీలారాణి గేటు దగ్గర ఆయన కోసం నిలబడింది. "అన్నియ్యా, నా గొంతు బాగోలేదని మీరే సెప్పొచ్చు కదా. నా కూతురు గుంట సేత ఎందుకు సెప్పించారు?" అంది.

"గొంతుకేటమ్మా, బాగానే ఉన్నాది. తాళమే లేదు," అని ఆయన నవ్వుతూ ఆటో ఎక్కేశాడు.

తర్వాతి వారం నుంచి పాస్టరుగారి భార్య పాట ఎత్తుతోంది. లీలారాణి వెనక బల్ల మీద కూర్చుంటుంది, పెదవి కదపదు. ఇంట్లో కూతురికి అన్నం పెడుతుంది గాని మాట్లాడదు. రూబీ చెయ్యి మాత్రం మరెక్కడా ఆగలేదు.

విశాఖ హోటల్లో మధ్యాహ్నం, బల్లలు ఇంకా సర్దుతుండగా వాయించమన్నారు. పరంజ్యోతి సూటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. నెమ్మది పాట ఒకటి ఎంచుకుని పెట్టుకున్నాడు గాని, త్రినాథ్ కర్రలు ఆడిస్తూ, "ముందు ఓ వడి పాట సూద్దాం," అన్నాడు. కాదంటే అనుమానం వస్తుంది. సరేనన్నాడు.

బేసు మొదలవగానే పియానో ఆయన తలెత్తి చూశాడు. త్రినాథ్ నవ్వు దాచుకోలేకపోయాడు. నేలలోంచి వస్తున్నట్టు, ఒక్కో గుమ్మం తొక్కుతూ, నిబ్బరంగా నడుస్తోంది ఆ బేసు. పరంజ్యోతికి గర్వంతో ఛాతీ పొంగింది. తన వంతు రాగానే అందుకున్నాడు. మొదటి చుట్టు బాగానే వచ్చింది. రెండో చుట్టు మలుపులో వేలు ఆలోచనలో పడింది. అది తేలేసరికి కార్డు మారిపోయింది. ఇంకో చోట దూరబోయాడు, అక్కడా ఆలస్యమైంది. ఎక్కడున్నాడో తెలియలేదు.

రూబీ వైపు చూశాడు. ఒక్క చోట నిలబడితే చాలు, ఒకే స్వరం మీద కాసేపు కాచుకుంటే చాలు, అందుకుంటాడు. ఆ పిల్ల చూసింది. ఆయన మొహం చూసింది, వేలు చూసింది, అంతా తెలిసిన చూపు అది. తల తిప్పి త్రినాథ్ వైపు చూస్తూ తర్వాతి ఇంట్లోకి నడిచింది.

పరంజ్యోతి శాక్సఫోన్ నోట్లోంచి తీసేశాడు. మిగతా ముగ్గురూ పాటను చివరిదాకా వాయించారు. ఏదో తక్కువైనట్టు అక్కడ ఎవరికీ అనిపించలేదు, ఆయనకు కూడా అనిపించలేదు. అది భరించడమే కష్టమైంది.

"అమ్మాయి ఈ శనివారం నుంచి వచ్చేయొచ్చు," అన్నాడు త్రినాథ్. పరంజ్యోతి భుజం తట్టి, "నువ్వు ఒంటికి కాస్త రెస్టియ్యి," అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. విజయనగరం దాటాక ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఒక్క సుట్టు కాసుకుని ఉంటే అందుకునేవోణ్ణి," అన్నాడు.

"తెలుసు మాస్టారూ."

"తెలిసే ఆగలేదేటి?"

రూబీ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మాయమ్మ కోసమే ఆగలేదు. మీ కోసం ఆగుతానేటి?" అని సీసా ఆయన వైపు చాపింది.

పరంజ్యోతి ఎడమచెయ్యి చాపాడు. వేలు ఇంకా ఆలోచించుకుంటూనే ఉంది. రూబీ సీసా వెనక్కి తీసుకుని, తాను తాగి, మూత బిగించి సంచిలో పెట్టేసుకుంది.