పాలిపోయిన సొన

ఇలా నా పక్కకి జరగవే, బంగారం. మీ చిన్నమ్మమ్మ, అదే, నా చెల్లెలు, తిండి మానేసిన సంగతి చెబుతాను.

ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. ఏం పెట్టినా కక్కేసేది. ఉడికించిన గుడ్డులోని పచ్చసొన ఒక్కటే కడుపులో నిలిచేది, అదీ పెరట్లో తాను పెంచిన పెట్టలదైతేనే. ఆ ముద్దతోనే దాని ప్రాణం నిలుపుకొస్తున్నాం.

అంతలో వీధికుక్క పెరట్లో దూరి రెండు పెట్టల్ని చంపేసింది. దిగులుతో ఆ ముద్ద కూడా మానేస్తుందని, ఆ మాట చెప్పొద్దన్నాడు మా మరిది, చెల్లెలి మొగుడు. మిగిలినవాటిని గూట్లో తోసి గడియ పెట్టి, ఉత్త నూకలు పోస్తూ వచ్చాం. కొన్నాళ్ళకి గుడ్డు కోస్తే సొన పాలిపోయి వెన్నముద్దలా ఉంది.

చెల్లెలు కంచం తోసేసింది.

"ఇది నా కోళ్ళది కాదు, కొట్లో గుడ్డు. నా కోళ్ళని కోసుకు తిన్నారు కదూ?"

"ఛ, అవేం మాటలే! అన్నీ ఉన్నాయి," అన్నాను. నా మొహం చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక నోరు తెరిస్తే ఒట్టు. బతిమాలాను, తిట్టాను. చేతిగాజు మోచేతిదాకా జారిపోతోంది. మరిది ఏమీ తోచక సొనలో పసుపు కలిపి తెచ్చాడు.

అది వాసన చూసింది. "గాయానికి రాసేది నోట్లో పెడతావేంటయ్యా? నా జబ్బు ఊపిరికి, ముక్కుకి కాదు."

మరిది గుమ్మంలో కూలబడ్డాడు. "వదినా, ఇది మన కళ్ళముందే పోతుంది."

కోళ్ళని ఆ గదిలోకి రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాని ముద్దుల కుంటిపెట్టని చంకన పెట్టుకుని, బయట నిలబడి, మూసిన కిటికీ అద్దం మీద దబదబా కొట్టాను.

చెల్లెలు తల తిప్పింది. పెట్ట వంకర కాలు చూసింది. "మిగతావి?" అన్నట్టు పెదాలు కదిలాయి. కుక్క సంగతి, గడియ సంగతి అరిచి చెప్పాను. ఏడ్చింది. ఏడుస్తూనే, అద్దం ఇవతలికి వినబడేలా తిట్టింది.

"ఆకు లేదు, గడ్డి లేదు, నూకలు మేపితే సొనకి రంగెక్కడిదే, మొద్దుదానా!"

మరిది అందిస్తే ఆ పాలిపోయిన సొనే తింది. సగమే. నేను పెరట్లో కూలబడి, గుప్పెళ్ళతో గడ్డి పీకి గూట్లో పడేశాను. ఆ రంగు గుడ్డులోకి దిగడానికి రోజులు పడుతుంది. అందాకా ఉండవే తల్లీ అని పీకుతూనే ఉన్నాను.

ఉంది. ముదురు రంగు సొన చూసి, "ఇది మనదే," అంది.

గుర్తుంచుకోవే. నీ పిల్లలకి చెప్పేటప్పుడు కుక్క సంగతి మాత్రం దాచకు.