కడిగిన ఫోల్డర్

ఫిల్మ్‌నగర్‌లో ముహూర్తం చూడకుండా తుమ్మినవాణ్ణి ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. కాశీవిశ్వనాథం గారి ఎడిటింగ్ స్టూడియోలో అయితే ఆవలింతకి కూడా పంచాంగం తిరగేస్తారు. ఎడిట్ అయిన రీల్ చెన్నైలోని మిక్సింగ్ స్టూడియోకి వెళ్లాలంటే, ఆయన చెప్పిన నిమిషానికే దాని మొదటి ముక్క గడప దాటాలి. నిమిషం అటూ ఇటూ అయితే సినిమా మొదటి ఆటకే వెనక్కి వచ్చేస్తుందని ఆయన నమ్మకం. నిమిషం తప్పకుండా వెళ్లిన ఏడు సినిమాలు కూడా వెనక్కే వచ్చాయి. అది వేరే సంగతి.

ఈ ముహూర్తాల గొడవ పడలేక అక్కడి ఎడిటర్ రఘునందన్ ఎనిమిది నెలల కిందట ఒక ఏర్పాటు చేశాడు. ఫైలు వెళ్లే ముందు చెన్నై సర్వర్‌కి కొన్ని ఆదేశాలు పంపాలి: ఫలానా ఫోల్డర్‌లోకి పో, అందులో ఉన్నవి తుడిచెయ్, పెద్ద ఫైలు వస్తోంది కాచుకో, అని. చేత్తో ఒక్కొక్కటీ కొడుతూ కూర్చుంటే వర్జ్యం వచ్చేస్తుంది. అందుకని వాటిని సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారే రాసిపెట్టాడు. బటన్ నొక్కితే అన్నీ వాటంతటవే వెళ్తాయి, వాటి వెనకే రీల్ బయల్దేరుతుంది. ఆ క్షణంలో అతని కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచెయ్యి హారతి పళ్లెం మీద ఉంటాయి.

తుడిచెయ్యమన్న వరుస మాత్రం విశ్వనాథం గారి పట్టుదల. ఒకసారి పాత రీల్ కొత్తదాంతో కలిసిపోయి, హీరో హాల్లోంచి మీసంతో వెళ్లి వంటింట్లో మీసం లేకుండా తేలాడు. ఆ రోజునుంచి ఆయన "తోరణం కట్టే ముందు గడప కడగాలండీ" అంటూనే ఉన్నారు.

చెన్నైలో ఆ సర్వర్ చూసుకునేది శ్రీనిధి. అంతకు ముందు రెండేళ్లు రఘునందన్ పక్క కుర్చీలోనే పనిచేసింది. ఆమె చెన్నై వెళ్లిపోతున్న రోజు చెప్పాల్సిన మాట అతని గొంతుదాకా వచ్చింది.

"ఏసీ రిమోట్ ఏడ వెట్టినవ్?" అన్నాడు.

"నీకు ఫోన్ చేస్తే కామెడీ షోకి టికెట్ తీసుకున్నట్టే ఉంటుంది రఘూ. నిజంగా ఏదైనా చెప్పాలనిపిస్తే రీల్‌తో పాటు ఒక నోట్ పెట్టు. జవాబు అదే ఫోల్డర్‌లో పెడతాను" అని శ్రీనిధి బ్యాగు తగిలించుకుంది.

పది రీళ్లు వెళ్లాయి. పదింటితోనూ నోట్లు వెళ్లాయి. 'మూడో రీల్లో హీరోకంటే అతని చొక్కా గుండీ బాగా చేసింది.' 'ఫైటు సీన్లో ఎగిరిన సుమో ఇంకా కిందికి దిగలేదు, కృష్ణానగర్ మీద తిరుగుతోంది.' చెప్పాలనుకున్నది తప్ప అన్నీ రాశాడు. సర్వర్ తలుపు రీల్ వెళ్లే రోజు పదకొండు నుంచి పన్నెండు దాకానే తీస్తారు. రీల్ చేరగానే రఘునందన్ ఆత్రంగా లోపలికి చూసేవాడు. అతని రీల్, అతని నోట్, అంతే. జవాబు ఒక్కటీ లేదు. సాయంత్రాలు కృష్ణానగర్‌లోని తన గదికి, పది నిమిషాల దారిని గంటన్నర నడిచేవాడు.

ఈ రోజు పదకొండో రీల్. ఇదే చివరిది. ముహూర్తం పదకొండూ తొమ్మిది. రఘునందన్ బటన్ నొక్కాడు. తెరమీద ఒక ఎర్ర వరుస పడి, అంతా ఆగిపోయింది.

"ఏంటయ్యా ఆగింది? కర్పూరం అయిపోతోంది!" అన్నారు విశ్వనాథం గారు.

"జర ఆగున్రి సార్. లోపట ఏదో ఉన్నది."

"ఉంటే తీసెయ్."

"పోతలేదు సార్. తాళమేసిన్రు."

"సర్వర్‌కి తాళమేంటండీ! చెన్నైకి ఫోన్ కొట్టు."

"ఫోన్లు గేటు కాడ డబ్బాల వెట్టిస్తిరి గద సార్, సినిమా లీకైతదని."

విశ్వనాథం గారు ఇంకో కర్పూరం బిళ్ల వెలిగించారు.

రీల్ పంపకముందే లోపల ఏముందో చూపించమని రఘునందన్ ఎనిమిది నెలల్లో మొదటిసారి చేత్తో ఆదేశం కొట్టాడు. ఒకే ఒక్క ఫైలు కనపడింది. దాని పేరు 'జవాబు 10'.

పదోదా? మరి మిగతా తొమ్మిది? అతని చూపు మెల్లగా తను రాసిపెట్టిన రెండో వరుస మీదికి వెళ్లింది. ఉన్నవన్నీ తుడిచెయ్. తొమ్మిది జవాబులు. ఒక్కటీ చదవకుండా, హారతిచ్చి మరీ తుడిచేశాడు.

ఫైలు తెరిచాడు.

'రఘూ, తొమ్మిది రాశాను. తొమ్మిదీ తుడిచేసి, ఆ చోట్లో ఒక్కో జోకు పెట్టావు. ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా. దీన్నైనా చూస్తావని తాళం వేశాను. రేపటినుంచి ఈ ఫోల్డర్ ఉండదు.'

"పదకొండుంపావుకి వర్జ్యమయ్యా!" విశ్వనాథం గారు గడియారం చూపించారు.

రఘునందన్ రెండో వరుసని తీసేశాడు.

"గడప కడగవా? మళ్లీ మీసం పోతుందయ్యా!"

"పాత రీల్ లేదు సార్. కాయితం ముక్కొకటే ఉన్నది."

"ఎవరిది?"

"నాదే సార్. నాకొచ్చిందే."

కొత్త నోట్ తెరిచాడు. మూడు నిమిషాలున్నాయి. వేళ్లు అలవాటుకొద్దీ 'మీ సర్వర్‌కి చదువు రాదు' అని కొట్టేశాయి. చెరిపాడు. మళ్లీ ఒక జోకు వచ్చింది. అదీ చెరిపాడు. ప్రపంచంలో ఉన్న జోకులన్నీ ఆ మూడు నిమిషాల్లోనే అతని దగ్గరికి వచ్చి వరస కట్టాయి. అన్నిటినీ వెనక్కి పంపి, రాశాడు.

'శ్రీనిధీ, ఒక్కటి గూడ చదవలే. తెల్వక నేనే తుడిపిచ్చిన. తొమ్మిదింట్ల ఏం రాసినవో నాకు గావాలె. నువ్వు పోయినప్పటిసంది అందర్నీ నవ్విస్తున్న గని, నాకు నవ్వొస్తలేదు. నువ్వంటే నాకు పానం.'

పదకొండూ పద్నాలుగుకి నొక్కాడు. నోట్ ముందు పోయింది, రీల్ వెనకే నత్తలా నడిచింది. పదకొండూ యాభై రెండుకి చేరింది. లోపల మూడు ఫైళ్లున్నాయి: రీల్, నోట్, జవాబు 10. చూపించమని మళ్లీ కొట్టాడు. మూడే. మళ్లీ కొట్టాడు. మూడే.

యాభై ఏడుకి కొడితే రెండే ఉన్నాయి. అతని నోట్ లేదు. చదివి తీసి దాచుకుందో, చదవకుండా తుడిచేసిందో. ఈ రెంటికీ సర్వర్ ఒకే ఖాళీ చూపిస్తుంది.

విశ్వనాథం గారు కొబ్బరిముక్క తెచ్చి చేతిలో పెట్టారు. "రీల్ చేరింది కదయ్యా, నూటికి నూరూ?"

"చేరింది సార్."

"మరింకా ఏం చూస్తున్నావు?"

"తలుపు మూయనీకి మూడు నిమిషాలున్నయ్ సార్," అంటూ రఘునందన్ మళ్లీ కొట్టాడు.