చుక్కలు లేని మలుపు

లాల్ అహ్మద్ చేసిన తప్పు పొడవు మూడు బిళ్ళలు, వెడల్పు రెండు. అంతకు మించి ఒక్క అంగుళం లేదు. రియాద్‌లో రెండు మెట్రో లైన్లు కలిసే ఒక స్టేషన్‌లో, వీధికి రెండంతస్తుల కింద, లిఫ్టు వైపు తిరిగే మలుపులో అది ఉంది.

అతనిది తాడిపత్రి. బండల వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టి, ఇరవై రెండేళ్ళుగా రియాద్‌లో గచ్చు పనులు పట్టి చేయిస్తున్నాడు. ఆ స్టేషన్‌కు గొయ్యి తవ్వినప్పుడు అంచున నిలబడి చూసినవాడు. పైన నాలుగడుగులే ఇసుక, కింద అంతా సున్నపురాయి. తవ్వే యంత్రాల పళ్ళు అరిగిపోయాయి. పైన ఒక లైను, దాని కింద అడ్డంగా రెండో లైను, ఈ లైను దిగి ఆ లైను ఎక్కేవాళ్ళ కోసం మధ్యలో ఒక అంతస్తు. పైకప్పులో పెద్ద కంత వదిలి ఎండను ఆ అంతస్తు దాకా దించారు. గోడలకు పాత మట్టి ఇళ్ళ రంగు, వాటికున్నట్టే ముక్కోణపు చిల్లులు. భూమి లోపల ఉన్నామని ఎవరికీ అనిపించకూడదని అలా కట్టారని, ఊరి నుంచి ఎవరొచ్చినా దగ్గరుండి చూపించేవాడు. కట్టింది వేలమంది. అతని వాటాకు వచ్చింది ఆ మధ్య అంతస్తు నేల.

ఆ నేల మీద చూపు లేనివాళ్ళకు ఒక దారి ఉంటుంది. గీతల బిళ్ళ తగిలితే నడవమని, చుక్కల బిళ్ళ తగిలితే ఆగమని, దారి మళ్ళుతోందని అర్థం. కంటితో పని లేదు, పాదమే చదువుకుంటుంది.

బండ పగులుతుందని తాడిపత్రి మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. నూటికి ఐదు పగుళ్ళ కింద వేసుకుని ఎక్కువ తెప్పించడం తాతల నాటి పద్ధతి. మామూలు రాళ్ళకు అలాగే తెప్పించాడు. చుక్కల బిళ్ళల దగ్గర మాత్రం, ఇవేమన్నా గనిలో తీసిన బండలా, అచ్చులో పోసినవి, ఎందుకు పగులుతాయి అనుకుని సరిగ్గా ఎన్ని కావాలో అన్నే తెప్పించాడు. దించేటప్పుడు ఆరు పగిలాయి. మళ్ళీ రావాలంటే ఐదు వారాలు. తనిఖీ ఎల్లుండి.

మేస్త్రీ వాజిద్ మలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సేట్, ఈడ చుక్కలు పడాల. తెలీక నేరుగా పోతే మెట్ల కింది వాలు తలకాయ ఎత్తులో ఉండాది. నుదురు తగుల్తాది."

"గీతలే పరిచెయ్. దినానికి ఎంతమంది గుడ్డోళ్ళు వస్తారప్పా ఈడికి?"

"ఒగడొస్తే చాల్దా సేట్?"

"నువ్వు బిళ్ళలు పరుస్తాండావా, ఫత్వా ఇస్తాండావా?"

వాజిద్ పరిచాడు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు కళ్ళతో చూశాడు. రంగు ఒకటే, వరస తిన్నగా ఉంది. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

వాజిద్ చెప్పిన ఆ ఒక్కడు బాబావలి అయ్యాడు.

బాబావలిది ప్రొద్దుటూరు, లాల్ అహ్మద్‌కు పాత స్నేహితుడు. పుట్టుకతోనే చూపు లేదు. ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పదకొండేళ్ళు ఎవరో ఒకరి కారు కోసం కాచుకుని బతికాడు. మెట్రో వచ్చాక కర్ర పట్టుకుని ఒంటరిగా ఉద్యోగానికి పోవడం మొదలుపెట్టాడు. "లాల్ భాయ్, పెండ్లయినంత సంతోషంగా ఉండాది" అని ఫోను చేసి చెప్పాడు. ఆరు నెలలు ఒకే లైను మీద తిరిగాడు. తర్వాత ఆసుపత్రివాళ్ళు కొత్త శాఖకు మార్చారు, లైను మారాల్సి వచ్చింది. మొదటి రోజే ఆ మలుపులో నేరుగా నడిచిపోయాడు. కర్ర నేలను చూస్తుంది గానీ నుదుటిని కాయదు. నాలుగు కుట్లు పడ్డాయి.

చూడటానికి వెళ్ళిన లాల్ అహ్మద్‌తో బాబావలి నవ్వుతూనే అన్నాడు: "తప్పు నాదే భాయ్. చుక్కలు తొక్కినా నా కాలికి తెలీలే. సుగర్ గదా నాకు. పాదాలు మొద్దుబారుతాండాయేమో."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. లాల్ అహ్మద్ నాలుక దాకా వచ్చిన మాటను మింగి, "తొందర్లో పోయింటావులే" అన్నాడు. మర్నాటి నుంచి తన అల్లుడు అఖీల్ కారును బాబావలికి ఏర్పాటు చేశాడు. అందరూ మంచి మనసన్నారు. ఆ మెచ్చుకోలు అతనికి చెంపదెబ్బలా తగిలేది. మొదటి తప్పుకు బిళ్ళలు లేకపోవడమన్న సాకైనా ఉంది. ఈ రెండోదానికి అదీ లేదు.

నెల తర్వాత శుక్రవారం లాల్ అహ్మద్ ఇంట్లో భోజనాలు. బాబావలి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఏం మామా, పులుసు బాగలేదా?" అన్నాడు అఖీల్.

"బాగుండాదిరా. ఫైనల్ ఎగ్జిట్ పెడ్తాండా, ఈ దేశం ఇడిసి ఊరికి పోతా."

"పోతావా? మరి నా కారులో పార్సిల్ ఎవురు?"

"పార్సిల్ మాదిరి పోలేకనే రా. రోజూ ఇంట్లో పాదం నేలకు రుద్ది చూస్తాండా. తెలుస్తాందో, తెలుస్తాందని అనుకుంటాండానో అర్థం కాలే. కండ్లు లేనోనికి కాళ్ళూ పోతే ఈ ఊర్లో ఏం పని?"

లాల్ అహ్మద్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున బాబావలిని వెంటబెట్టుకుని స్టేషన్‌లో దిగాడు. మలుపుకు నాలుగడుగుల ముందు ఆపాడు.

"చెప్పులిప్పు."

"ఈడనా? మసీదనుకుంటివా?"

"ఇప్పు బాబావలీ. కాలు పెట్టు. ఏముంది?"

"గీతలు."

"ఇంగో అడుగు. ఇప్పుడు?"

"గీతలే." బాబావలి పాదం అటూ ఇటూ వెతికింది. "చుక్కలు యాడ?"

"లేవు. ఆరు పగిల్న్యాయి. నేనే గీతలు పరిపిచ్చినా."

పక్కనున్నవాళ్ళు తిరిగి చూసేలా బాబావలి గట్టిగా నవ్వాడు. "అయితే నా కాలు బాగుండాది! భాయ్, నా కాలు బాగుండాది!" అంటూ ఆ బిళ్ళల మీదే రెండు పాదాలూ మార్చి మార్చి వేశాడు. అతను తిట్టినా, కర్రతో కొట్టినా లాల్ అహ్మద్ ఓర్చుకునేవాడు. ఆ సంతోషం చూడలేక తల వంచుకున్నాడు.

నవ్వు ఆగింది. బాబావలి చెయ్యి నుదుటి మీది మచ్చ మీదికి పోయింది.

"సుగర్ అని నీ ముందరే అంటి గదా. అప్పుడు నీకు తెల్సా?"

"తెల్సు."

"బిళ్ళలు నీ కాడ లేకుండె. సరే. మాట ఉండె గదా భాయ్. అదెందుకు ఇయ్యకపోతివి?"

లాల్ అహ్మద్ అతని చెయ్యి పట్టుకోబోతే బాబావలి వెనక్కి లాక్కున్నాడు. చెప్పులు తొడుక్కుని, "స్టేషనోళ్ళ ఆఫీసు యాడుంది?" అని అడిగి, గీతల దారి వెంట కర్ర తట్టుకుంటూ తానే ముందు నడిచాడు. వెనక లాల్ అహ్మద్.

స్టేషన్ ఆఫీసులో సౌదీ కుర్రాడు విషయం విని కంప్యూటర్ తెరిచాడు. "ఫిర్యాదు ఎవరి పేరు మీద? ఈ ప్రయాణికుడిదేనా?"

అవునంటే చాలు. రెండు వారాల్లో చుక్కలు పడతాయి, తన పేరు ఎక్కడా రాదు. చేతిలో ఇంకో రెండు స్టేషన్ల పని ఉంది. బాబావలి పక్కనే ఉన్నాడు.

లాల్ అహ్మద్ తన నివాస కార్డు, ఇకామా తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ నేల పరిపించింది నేను. తెలిసే పరిపించాను."

కుర్రాడి వేళ్ళు ఆగాయి. ఇకామా తీసుకుని పైవాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళు వస్తున్నారని, స్టేషన్ దాటి వెళ్ళొద్దని, ఆ మలుపుకు అడ్డం పెట్టే కంచె రావడానికి గంట పడుతుందని చెప్పాడు.

"నాకు డ్యూటీ టైమాయ" అన్నాడు బాబావలి. "ఎగ్జిట్ పెట్టను. చుక్కలు పడేదాకా స్టేషనోళ్ళ చెయ్యి పట్టుకుంటా. అఖీల్ కారు వద్దు. నీ చెయ్యీ వద్దు."

కుర్రాడు అతన్ని రైలు దాకా తీసుకెళ్ళాడు. లాల్ అహ్మద్ తిరిగి మలుపు దగ్గరికొచ్చి, కంచె వచ్చేదాకా గీతలు ఆగిపోయే చోట, మెట్ల వాలుకు వీపు పెట్టి నిలబడ్డాడు. రైలు దిగిన జనం వస్తున్నారు. ఎవరిదో పెట్టె మోకాలికి కొట్టుకుంది. దారికి అడ్డంగా ఇదేం నిలబడటమని ఒకాయన అరబ్బీలో కసిరాడు. లాల్ అహ్మద్ క్షమించమన్నాడు గానీ పక్కకు జరగలేదు.