అక్కయమ్మ కార్డు

కంప్యూటర్ ఇంజినీరు చేతన్ అనేవాడు మా ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి రోజే నన్ను "సెక్యూరిటీ, ఒక చెయిర్ తీసుకురా" అన్నాడు. బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఈ గేటును ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి నేను. ఏ కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలో కంప్యూటర్‌లో రాసేది కూడా నేనే. ఏడో తరగతితో బడి మానేసినా ఆ పని పట్టుబట్టి నేర్చుకున్నాను. అలాంటివాణ్ణి పేరైనా అడగకుండా కుర్చీ తెమ్మన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. కానీ దాన్ని పైకి చెప్పుకునే మొహం ఇప్పుడు నాకు లేదు.

కంపెనీ కొత్త గేటు మెషీన్లు కొంది. పాత రూల్సన్నీ వాటిలోకి మార్చాలి. చేతన్ అందుకొక టూలు తెచ్చాడు. ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి ఒక్క లైను కొడితే చాలు, అన్నిటినీ అదే మార్చేస్తుంది.

పాత మెషీను రూల్సును పైనుంచి కిందికి చదివేది. మొదట ఏది తగిలితే అదే చెల్లేది. ఎవరినైనా ఆపాలంటే కారణం రాసి 'వద్దు' అని ఒక వరుస పెట్టేవాణ్ణి. మళ్లీ పనిలోకి తీసుకుంటే దాన్ని చెరిపేవాణ్ణి కాదు, ఆడిట్‌వాళ్లు అడుగుతారని భయం. దాని పైన 'సరే' అని ఇంకో వరుస పెట్టేవాణ్ణి. కొత్త మెషీనుకు పైనా కిందా తేడా లేదు. 'వద్దు' ఎక్కడున్నా వద్దే. ఈ సంగతి చేతన్ నోటితోనే విన్నాను.

"అన్నా, టూల్ వార్నింగ్ ఇస్తోంది. కొన్ని కార్డులకు సరే, వద్దు రెండూ ఉన్నాయి. పైనా కిందా ఈ ఆర్డర్‌కు ఏమైనా మీనింగ్ ఉందా?"

"ఏం లేదు. సుమ్నే, ఊరికే ఉండాయి. కొట్టు నీ లైను."

"ష్యూరా అన్నా?"

"చదువుకున్నోడివి. సెక్యూరిటీని అడిగి చేస్తావా?"

క్యాంటీన్‌లో వంట చేసే అక్కయమ్మ టీ తెచ్చి, మా మాటలు విని నవ్వింది. "ఏం రామాంజప్పా, ఆ పిల్లోని మీద పడతావు? అడిగినదానికి నెట్టగా, వంకర లేకుండా చెప్పరాదా?"

అక్కయమ్మ మా మడకశిర వైపు మనిషి. నన్ను తోడబుట్టినవాడిలా చూసేది. చందాపుర దగ్గర ఆమె మొగుడు బతికుండగా కొన్న ముప్పైకి నలభై అడుగుల సైటు, ఇల్లు కట్టుకునే జాగా, ఉంది. అందులో సగం, కొన్న ధరకే నాకిస్తానని మాటిచ్చింది. వచ్చే నెల రిజిస్ట్రేషన్. బొమ్మనహళ్ళిలో రేకుల ఇంట్లో అద్దెకుంటున్న నాకూ నా భార్య చెన్నమ్మకూ ఉన్న ఆశంతా అదే.

తెల్లారితే అలా రెండు వరుసలున్న నలుగురు డ్రైవర్లు గేటు దగ్గర ఆగిపోతారు, చేతన్ నా దగ్గరికి పరుగెత్తుకొస్తాడు, అప్పుడైనా నా పేరు అడుగుతాడు. నేను అనుకున్నది ఇంతే. ఆ కార్డుల్లో అక్కయమ్మది కూడా ఉందని గుర్తు రాలేదు.

పొద్దున షిఫ్టుకు జనం బారులు తీరారు. అక్కయమ్మ కార్డు పెట్టింది. గేటు ఎర్రబడింది. పెద్ద తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆమెకు చదువు రాదు. వెనక ఆమె కొత్త కోడలు రంజిత ఉంది, ఈమధ్యే ప్యాకింగ్‌లో చేరిన పిల్ల.

"ఏం రాసుండాదే, చదువు."

రంజిత చదవడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది. "సస్పెండ్... నూనె టిన్ను దొంగతనం అని ఉండాది అత్తా."

"ఓహో, సాంబారులో నూనె తేలనిది అందుకేనా!" అన్నాడు మెషీన్ షాప్ నాగరాజ్. బారంతా నవ్వింది.

అప్పట్లో టిన్ను కనబడలేదని ఆమెను ఆపారు, కానీ అది స్టోర్‌లోనే దొరికింది. రెండు వారాలకే ఆమెను మళ్లీ తీసుకున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు ఆమె. ఆ రెండు వరుసలూ, కింద దొంగతనమనీ పైన సరే అనీ, రాసింది నేనే. లేచి నిలబడి ఒక్క మాట చెప్పాలి. చెబితే, తెలిసుండీ నిన్న దాచానని బయటపడుతుంది. కుర్చీలోంచి లేవలేదు.

చేతన్ పరుగెత్తుకొచ్చాడు. "సారీ అమ్మా, తప్పు నాది. వార్నింగ్ చూసి కూడా రన్ చేశాను." నా వైపు వేలు చూపలేదు.

"నీది కాదులేప్పా," అంది అక్కయమ్మ. "నువ్వు అడిగింది నేను ఇన్నా." కార్డు నా టేబుల్ మీద పెట్టి వెనక్కి తిరిగింది. రంజిత ఆమె చెయ్యి పట్టుకుని వెంట వెళ్లింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే రంజితకు టిన్ను సంగతంతా చెప్పాను. ఆ పిల్ల నన్నే చూస్తూ వింది.

"ఈ మాట పొద్దున లైన్లో చెప్పింటే సరిపోతుండె కదా మామా?"

"నీళ్లియ్యే ఆయనకి," అని లోపలినుంచి అక్కయమ్మ గొంతు. తర్వాత తానే బయటికొచ్చింది. "కార్డు సరిచేసినాడంట, ఆ పిల్లోడు ఫోన్ చేసినాడు. రేపు పనికొస్తా. సైటు మాట మాత్రం ఇంక ఎత్తొద్దు రామాంజీ."

ఎన్నడూ 'అప్పా' లేకుండా నా పేరు పలికిన మనిషి కాదు.

నీళ్లు తాగకుండానే వచ్చేశాను. ఇంట్లో చెన్నమ్మ సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, వంటిల్లు ఏ మూల పెట్టాలో చూస్తోంది. "అక్క ఏమనె?" అంది. ఆ గీతల మీద అడుగు పడకుండా చుట్టూ తిరిగి వెళ్లి గోడవారగా కూర్చున్నాను.

చందాపురలో ఇరవైకి ముప్పై సైటు, తూర్పు ముఖం. నాకు పోయింది అది.